లంక వంతెన కింద కట్టిన వల

నేను వంతెనల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, విజయవాడలోనే రిటైరయ్యాను. మధ్యలో ఏ ఏడు ఏ పదవి వచ్చిందో చెబితే వినేవాళ్ళకి ఆవులింతలొస్తాయి కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను. ఈ మధ్య గన్నవరం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆఖరి సంవత్సరం పిల్లలతో మాట్లాడమని పిలిచారు. ఒకబ్బాయి లేచి, ఉద్యోగంలో చేరిన కొత్తలో ముందుగా ఏం నేర్చుకోవాలి మేడం అని అడిగాడు. జవాబు సగంలో ఉండగానే గంట కొట్టేశారు. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసిన వంతెనల్లో పెద్దవి చాలా ఉన్నాయి. వాటి మీద ఇవాళ లారీలు, బస్సులు పోతున్నాయి. కానీ ఆ అబ్బాయి అడిగినదానికి జవాబు మాత్రం ఒక చిన్న కాలినడక వంతెన దగ్గర దొరికింది.

ఉయ్యాల మీద ఊరు నడుస్తుందా

విజయవాడ దాటాక కృష్ణ సముద్రం వైపు పోతూ పాయలుగా చీలుతుంది. పాయల మధ్య మిగిలిన నేల లంక. అలాంటి ఒక లంకలో అరటి, పసుపు, కంద పండించే కుటుంబాలు ఉండేవి. ఎండాకాలం పాయలో నీళ్ళు తగ్గితే ఇసకలో నడిచి, మోకాలి లోతు నీళ్ళు దాటి ఇవతలికి వచ్చేవాళ్ళు. వరదొస్తే పడవే గతి. వరద మరీ పెరిగితే పడవ కూడా కదిలేది కాదు. ఎగువన వర్షాలు కురుస్తున్నాయని రేడియోలో వింటే చాలు, లంకలో ముసలివాళ్ళు మూటలు కట్టుకుని కూర్చునేవారు.

ఆ పాయ మీద కాలినడక వంతెన కట్టే పని మా డివిజన్‌కి వచ్చింది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు శేషగిరిరావు గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. నేను తర్వాత చూసిన పైఅధికారుల్లో కొందరు జీపు దిగకుండానే వంతెనలు తనిఖీ చేశారు. మరికొందరు కింది వాళ్ళను నలుగురిలో తిట్టడమే తనిఖీ అనుకున్నారు. ఈయన ఆ రెండు రకాలూ కాదు. సైటుకి వస్తే ముందు ఊరంతా ఒకసారి తిరిగొచ్చేవారు. ఎవరి కోసం కడుతున్నామో చూడకపోతే ఎలా కట్టాలో తెలియదనేవారు.

ఆ పాయ ఏటా దారి మార్చుకుంటుంది. నీళ్ళలో స్తంభాలు వేస్తే వరద వాటి కింద ఇసకను తోడేస్తుంది. అందుకని నీళ్ళలో ఒక్క స్తంభమూ లేకుండా, రెండు గట్ల మీద రెండు టవర్లు నిలబెట్టి, వాటి మీదుగా ఉక్కు తీగలు పేనిన లావుపాటి మోకులు వేసి, నడిచే దారిని వాటికి వేలాడదీయాలని నిర్ణయించారు. వేలాడే వంతెన అన్నమాట.

ఈ మాట వినగానే ఊరు బెదిరింది. వాళ్ళు చూసిన వంతెనలన్నీ లావుపాటి స్తంభాల మీద కూర్చున్నవే. రామాలయం ముందు జరిగిన సమావేశంలో ఒక పెద్దాయన నిలబడి, "ఉయ్యాల్లో పిల్లల్ని ఊపుతారు గానీ ఊరిని ఊపుతారాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వులో భయం ఉందని మాకు తెలుస్తూనే ఉంది. టవరు వెనక మోకును భూమిలో బిగించడానికి స్థలం కావాలి. ఆ స్థలం ఇవ్వవలసినవాళ్ళు ఆలోచించుకుంటామన్నారు.

తిరిగి వస్తుంటే శేషగిరిరావు గారు నాతో, రేపు లంక బడికి వెళ్ళి పిల్లలకి వేలాడే వంతెన ఎలా కడతారో చెప్పమన్నారు. పెద్దవాళ్ళకి చెప్పాలి కదండీ అన్నాను.

"పెద్దవాళ్ళు విని ఊరుకుంటారు. పిల్లలైతే ఇంటికెళ్ళి అందరికీ చెబుతారు. ఇంకోటమ్మా ప్రేమలతా, పిల్లలకి చెప్పలేకపోయామంటే అది మనకీ రానట్టే."

రెండు కుర్చీలు, ఒక తాడు

బడి అంటే ఒకటే గది. అయిదు తరగతులూ అందులోనే. మాస్టారి దగ్గర రెండు కుర్చీలు, ఒక తాడు అడిగి తీసుకున్నాను. కుర్చీలను దూరం దూరంగా పెట్టి, తాడు రెండు చివర్లనూ వాటి వీపులకు కట్టి, మధ్యలో పుస్తకాల సంచి తగిలించాను. కుర్చీలు రెండూ ముందుకు వాలి పడిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ వంతెన కూలిపోయింది మరి.

ఈసారి తాడును కుర్చీల మీదుగా వెనక్కి పోనిచ్చి, ఒక్కో చివరను ఇద్దరేసి పిల్లల్ని పట్టుకోమన్నాను. మళ్ళీ సంచి తగిలించాను. కుర్చీలు కదల్లేదు. సంచి గాల్లో నిలిచింది. తాడు పట్టుకున్నవాళ్ళను ఎలా ఉందర్రా అంటే, చేతులు లాగేస్తున్నాయండీ అన్నారు. వంతెన రహస్యమంతా అంతేనని చెప్పాను. బరువు మోకును కిందికి లాగుతుంది, మోకు తన చివర్లను లోపలికి లాగుతుంది, ఆ చివర్లను గట్టిగా పట్టుకునేవాళ్ళు ఉండాలి. మన వంతెనకు పట్టుకునేది మనుషులు కాదు, గట్టు వెనక భూమిలో పాతిపెట్టే పెద్ద కాంక్రీటు దిమ్మలు. ఏనుగుల గుంపు వచ్చి లాగినా కదలనంత బరువు వాటిది. మోకు బరువు మోస్తున్నప్పుడు దారి కాస్త ఊగుతుంది, ఊగాలి కూడా అన్నాను.

తర్వాత వాళ్ళను అమెరికా తీసుకెళ్ళాను. అక్కడ గోల్డెన్ గేట్ అనే వంతెన ఉంది. సముద్రం ఒక ఇరుకు సందులోంచి లోపలికి వచ్చే చోట అది ఉంటుంది. ఆటుపోట్లు, ఈదురుగాలి, ఎదుటి మనిషి కనపడనంత పొగమంచు. అక్కడ వంతెన కట్టడం మనుషుల వల్ల కాదని చాలామంది అన్నారు. ఒక టవరు గట్టు దగ్గర లేచింది. రెండోది నీళ్ళలోనే కట్టాలి. అందుకని సముద్రంలో బావి ఒర లాంటి పెద్ద కాంక్రీటు గోడ లేపి, లోపలి నీళ్ళన్నీ తోడేసి, ఆ పొడి నేల మీద నుంచి టవరును పైకి తెచ్చారు.

మోకులు ఎలా వేశారో చెబుతున్నప్పుడు పిల్లలు కదలకుండా విన్నారు. అంత లావు మోకును ఎవరూ ఎత్తలేరు. కనుక పెన్సిలంత తీగలను ఒక చక్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి మోసుకుపోయింది. మంగళగిరిలో మగ్గం మీద దారం మోసే నాడె అటూ ఇటూ తిరిగినట్టే. అలా ఇరవై ఏడు వేలకు పైగా తీగలను ఒక కట్టగా బిగిస్తే ఒక్క మోకు అయింది. అలాంటివి రెండు. ఆ మోకుల నుంచి కిందికి తీగలు వేలాడదీసి, వాటికి రోడ్డును తగిలించారు. అదీ ఒకవైపు నుంచే కట్టుకుంటూ పోలేదు. కావడి మోసేవాడు రెండు తట్టల్లోనూ సమానంగా వేసుకున్నట్టు టవరుకి అటూ ఇటూ సరిచూసుకుంటూ కట్టారు.

చివరికి వల సంగతి చెప్పాను. ఆ రోజుల్లో పెద్ద వంతెన కడితే కొన్ని ప్రాణాలు పోక తప్పదని అనుకునేవారట. ఈ వంతెన పెద్ద ఇంజనీరు మాత్రం ఒప్పుకోలేదు. పనిచేసేవాళ్ళ కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా వల కట్టించాడు. పంతొమ్మిది మంది అందులో పడి బతికారు. ఒక పిల్లవాడు, వల తెగితే ఏమవుతుందండీ అన్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పని పూర్తయ్యే ముందు ఒక బరువైన పరంజా ఊడి వల మీద పడిందని, వల చిరిగి పదిమంది పోయారని చెప్పాను. 

అప్పుడు వెనక వరస నుంచి ఐదో తరగతి పిల్ల లేచింది. పేరు ఝాన్సీ.

"మరి మన వంతెనకి వల ఉందాండీ?"

లేదమ్మా అన్నాను.

"ఎందుకు లేదండీ? మనవాళ్ళు పడరా?"

శేషగిరిరావు గారి జవాబు

సాయంత్రం జీపులో బడి కబుర్లన్నీ ఆయనకు చెప్పాను. కూలిన కుర్చీల గురించి చెబితే నవ్వారు. ఝాన్సీ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.  కంకిపాడు దాటాక అడిగారు.

"ఏం చెప్పావు?"

"లేదని చెప్పానండీ."

"సరే. మళ్ళీ అడిగితే ఉందని చెప్పేలా చేద్దాం."

ఇది ఎంత పెద్ద మాటో ఈ రోజుల్లో చేరేవాళ్ళకి అర్థం కాకపోవచ్చు. అప్పట్లో అలాంటి చిన్న పనులకి వల అనే ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. అంచనాల్లో ఆ మాటే లేదు. ఆయన చేయకపోయినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ప్రశ్న వేసింది పదేళ్ళ పిల్ల. దాన్ని ముచ్చటగా చెప్పుకుని మర్చిపోవచ్చు. నేను నిజానికి ముచ్చటగానే చెప్పాను.

వ్యతిరేకత అన్ని వైపుల నుంచీ వచ్చింది. కాంట్రాక్టరు సాంబశివరావు చెడ్డ మనిషి కాదు, పని తెలిసినవాడు. ఆయన బాధ కాలం గురించి. వల కట్టి, విప్పి, ముందుకు జరుపుకుంటూ పోతే వరద వచ్చేలోగా నడకదారి పూర్తి కాదన్నాడు. అది కాదనలేని మాట. ఆ సంగతి ఊళ్ళో తెలిసి పెద్దలు కూడా వచ్చారు. పిల్లలు ఇంటికెళ్ళి ఏం చెప్పారోగానీ దిమ్మలకి స్థలం అప్పటికే ఇచ్చేశారు. వంతెన మీద ఆశ పెట్టుకున్నారు. ఈ ఏడు వరదలోగా అందకపోతే మళ్ళీ పడవలే కదా బాబూ అన్నారు.

శేషగిరిరావు గారు ఎవరి మాటా కొట్టిపారేయలేదు. వరద భయం నాకూ ఉంది అన్నారు. కానీ పనివాడు పైనుంచి పడి చచ్చిపోతే ఆ వంతెన మీద మీ పిల్లలు ఇవతలి పెద్దబడికెళతారు, ఆ సంగతి తెలిసి నడుస్తారు, మీకది ఇష్టమేనా అని అడిగారు. పెద్దలు సరే కానివ్వండని లేచారు.

అసలు చిక్కు పనివాళ్ళ దగ్గర వచ్చింది. మోకుల పని చేసే ముఠాకి మేస్త్రీ అప్పారావు. బందరు వైపు వాడు. కరెంటు టవర్ల మీద తీగలు లాగుతూ రాష్ట్రమంతా తిరిగినవాడు. నడుముకి తాడు కట్టుకోమంటేనే పని సాగదని తీసేసేవాడు. కింద వల కడతామంటే అవమానంగా తీసుకున్నాడు. మేం పడాలని కోరుకుంటున్నట్టు ఉందండీ, శకునం బాగాలేదు అన్నాడు.

"నువ్వు పడతావని కాదయ్యా. పడితే ఏం చేయాలో నాకు తెలియాలి. ప్రస్తుతం తెలియదు," అన్నారు శేషగిరిరావు గారు.

 అప్పారావు ఆ తర్వాత వల వద్దనలేదు.

ఇసక బస్తా

అప్పటికి టవర్లు, మోకులు అయిపోయి నడకదారి దూలాలు మొదలయ్యాయి. వల ఎవరు అల్లుతారు? బయటి నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. లంకలో చేపలు పట్టే నాంచారయ్య ఉన్నాడు. మోకుల కోసం మొదటి తాడును పడవలో అవతలి గట్టుకి చేర్చింది అతనే. అతనితో కూర్చుని కాగితం మీద గీసుకున్నాం. పడే మనిషి బరువెంత, ఎంత ఎత్తు నుంచి పడతాడు, నైలాను తాడు ఎంత లావుండాలి అన్న లెక్కలు నావి. అల్లిక అతనిది.

మొదట నేను వలను బిగుతుగా కట్టాలనుకున్నాను. నాంచారయ్యకు అది నచ్చలేదు. బిగుతుగా ఉంటే మనిషి బంతిలా ఎగిరి అవతల పడతాడన్నాడు. మరీ వదులైతే కింద ఇసకకి తగులుతాడన్నాను నేను. ఇద్దరం మధ్యేమార్గానికి వచ్చాం. దారి వెడల్పు కంటే రెండు పక్కలా బాగా బయటికి ఉండేలా వేశాం. మనిషి నేరుగా కిందికే పడాలని రూలేం లేదు కదా.

కట్టాక అప్పారావు మనుషులు మనిషంత బరువున్న ఇసక బస్తాను పైకి లాగి, వల మధ్యలోకి వదిలారు. వల సాగి ఆపింది. అంచు దగ్గర వదలమన్నారు శేషగిరిరావు గారు. వదిలారు. అంచు ముడులు జారాయి. బస్తా కింద ఇసకలో పడి పగిలింది.  గట్టు మీద ఉన్న అందరికీ ఒకే ఆలోచన వచ్చి ఉంటుంది, అదే మనిషైతే అని.

శేషగిరిరావు గారు మాత్రం, "ఇవాళ బస్తా పడింది. మంచిదే అయింది," అని నాంచారయ్య భుజం తట్టారు.

నాంచారయ్య అంచంతా విప్పి జంట తాడుతో మళ్ళీ కట్టాడు. ఈసారి మధ్యలో, అంచుల్లో, మూలల్లో బస్తాలు వదిలాం. ఒక్కటీ కింద పడలేదు. కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. పరీక్ష పెట్టేటప్పుడు నెగ్గే చోట పెట్టకండి. ఓడిపోతుందనిపించే చోట పెట్టండి.

అప్పారావు

వల పైన నడకదారి పని మళ్ళీ మొదలైంది. మేమెవరమూ అనుకోనిది ఒకటి జరిగింది. పని వేగం పెరిగింది. అంతకుముందు అడ్డదూలాల మీద ఒక్కో అడుగూ తడుముకుంటూ వేసినవాళ్ళు ఇప్పుడు నడవసాగారు. గోల్డెన్ గేట్ దగ్గర కూడా అలాగే జరిగిందని తర్వాత చదివాను. భయం కూడా ఒక బరువే, దాన్ని మోస్తూ పనిచేయడం కష్టం. వలకి పోయిందనుకున్న కాలం చాలావరకు తిరిగొచ్చింది. సాంబశివరావు ఆ మాట తనే ఒప్పుకున్నాడు.

తొలకరి జల్లులు మొదలయ్యాయి. ఒకరోజు ఉదయం కాస్త చినుకు పడి ఆగింది. నేను గట్టు మీద లెవెల్ చూస్తున్నాను. అప్పారావు దూలం చివర నిలబడి, వేలాడే తీగ బిగింపు దగ్గరికి చెయ్యి చాపాడు. కాలు జారింది. కేక కూడా వేయలేదు. పైన ఉన్న మనిషి లేడు, అంతే.

వల ఒక్కసారి కిందికి సాగి, పైకి లేచి, ఆగింది. అతను పడింది అంచుకి దగ్గరగా. వెల్లకిలా పడి కదలకుండా ఉన్నాడు. పైన ఉన్నవాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నారు. కాసేపటికి ఒక చెయ్యి లేచింది. 

మణికట్టు బెణికింది. వీపు మీద తాడు ఒరుసుకుని చర్మం లేచింది. అంతకు మించి ఏమీ కాలేదు. గట్టుకి తెచ్చి టీ ఇచ్చాం.  కబురు అంది శేషగిరిరావు గారు మధ్యాహ్నానికి వచ్చారు. వెళ్ళి అతని పక్కన సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు. ముందు అప్పారావే మాట్లాడాడు.

"పడేటప్పుడు ఇంట్లోవాళ్ళు గుర్తొస్తారంటారు కదండీ. నాకు వల ముడులు గుర్తొచ్చాయి. నాంచారయ్య ఈ అంచు మళ్ళీ కట్టాడా లేదా అని."

"కట్టాడు."

"కట్టాడండీ," అన్నాడు అప్పారావు. అప్పుడు ఏడ్చాడు.

రెండు మూడు రోజులు పైకెక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు. తర్వాత తనే ఎక్కాడు. ఆ రోజు నుంచి పని మొదలయ్యే ముందు వల అంచులన్నీ చేత్తో పట్టి చూసేవాడు. తన ముఠాలో ప్రతివాడి చేతా చూపించేవాడు. సాంబశివరావు ఆ తర్వాత పట్టిన పనుల్లో ఎవరూ చెప్పకుండానే వల కట్టించాడు. ఎవరో చెబితే కాదు, నా కళ్ళతో చూశాను.

వరద

నడకదారి పూర్తయింది. ఇసక బస్తాలు పేర్చి బరువు పరీక్ష చేశాం, నెగ్గింది. ముఠా వేరే జిల్లాలో పనికి వెళ్ళిపోయింది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళ తీరిక కోసం ఎదురుచూస్తుండగా ఎగువన బ్యారేజీ గేట్లు ఎత్తారని కబురొచ్చింది. పాయ ఎర్రగా పొంగింది. శేషగిరిరావు గారు రిబ్బను సంగతి పక్కన పెట్టి వంతెన తెరిపించారు.

లంక జనం మూటలతో, చంటిపిల్లలతో టవరు దగ్గరికి వచ్చారు. కింద వరద హోరు. దారి మీద అడుగు పెట్టగానే అది మెల్లగా ఊగింది. ముందున్న ముసలమ్మ రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది. వెనక అందరూ ఆగారు. అప్పుడు బడిపిల్లలు ముందుకొచ్చారు. ఊగుతుంది, ఊగాలి, అలా ఊగితేనే మోకు బరువు మోస్తున్నట్టు అని నేను చెప్పిన పాఠాన్ని తిరిగి వాళ్ళ అవ్వలకి చెప్పడం మొదలుపెట్టారు. ఒక పిల్ల ముసలమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. జనం కదిలారు. ఊపు పెరగకుండా అందరూ ఒకే లయలో అడుగులు వేయవద్దని, ఎడం ఎడంగా నడవాలని నేను ఇవతలి గట్టు నుంచి చెబుతూ ఉన్నాను. ఆ ఏడు లంకవాళ్ళు పడవ కోసం ఎదురు చూడలేదు.

సగం మంది దాటాక చూస్తే, ఇవతలి గట్టు నుంచి ఒక మనిషి జనానికి ఎదురుగా వంతెన ఎక్కుతున్నాడు. అప్పారావు. ఒళ్ళంతా తడిసి ఉంది. రెండు బస్సులు మారి, రోడ్డు మునిగిన చోట నడిచి వచ్చాడట. ప్రతి బిగింపు దగ్గరా ఆగి, చేత్తో తట్టి చూస్తూ, జనానికి దారి వదులుతూ మధ్యదాకా వెళ్ళాడు. శేషగిరిరావు గారు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ మాటలు ఆయన తర్వాత నాకు చెప్పారు.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా?"

"ఎవరూ రమ్మన్లేదండీ. మనం కట్టిందాని మీద జనం ఎట్టా నడుస్తారో చూద్దామని వచ్చా."

ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు. అప్పారావు రెయిలింగుకి ఆనుకుని నిలబడ్డాడు. లంక మొత్తం ఖాళీ అయ్యేదాకా, ఆఖరి మనిషి దాటేదాకా, వానలో అలాగే నిలబడి చూశాడు.